లెడెన్‌హాల్ వీధిలో ఒక ఆదివారం

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు పది రోజుల క్రితం ఫోన్ చేసి, "ఓ అరగంట మాట్లాడండి, కాని డి.ఏ. బకాయిల జోలికి మాత్రం పోకండి, దానికి వేరే వక్త ఉన్నారు" అన్నారు. నాకూ అదే కావలసింది. ఈ తేదీ మనకెందుకు పండుగో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది దొరగారి దయ కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ తీర్పు గురించి ఏటా వింటూనే ఉన్నాం. నేను మాత్రం ఆ తీర్పుకు 157 ఏళ్ళ ముందు పెన్షన్ పుచ్చుకున్న ఒక గుమాస్తా గురించి, ఆయన కోసం నేను లండన్‌లో ఒక ఆదివారమంతా తిరిగిన సంగతి గురించి చెప్పదలచుకున్నాను.

ముందు నేను లండన్ ఎలా వెళ్ళానో చెప్పాలి. లేకపోతే "ఇతగాడు లండనా!" అని వెనక వరుసలో గుసగుసలు మొదలవుతాయి. 1971లో గుమాస్తాగా చేరాను. మన ఆఫీసు 1984లో లెక్కలొకవైపు, ఆడిట్ ఒకవైపుగా చీలినప్పుడు నేను ఆడిట్ వైపు వెళ్ళాను. 1997 అక్టోబరులో విదేశాల్లోని మన ప్రభుత్వ కార్యాలయాల లెక్కలు చూసే పార్టీలో నా పేరు వచ్చింది. ముగ్గురు ఆఫీసర్లు, నేనొక్కణ్ణే సిబ్బంది. మూడు వారాల పని. బావమరిది దగ్గర అరువు తెచ్చిన కోటు, మా ఆవిడ కట్టిచ్చిన ఆవకాయ, చారుపొడి, ఒక చిన్న కరెంటు కుక్కరు, ఇవీ నా సామాను. రోజుకింత అని ఇచ్చే భత్యంలో ఎంత మిగిలిస్తే అంత పిల్లల చదువుకని లెక్క. ఈ లెక్క తెలియని వాళ్ళు ఈ హాల్లో ఎవరూ ఉండరు.

శనివారాలు పార్టీ ఆఫీసర్‌గారు రిపోర్టు ముసాయిదాలు రాయించేవారు. రెండో వారంలో మాత్రం ఆదివారం పూర్తిగా సెలవిచ్చారు. మిగతా ముగ్గురూ మైనపు బొమ్మలు చూడటానికి, ఆక్స్‌ఫర్డ్ వీధిలో కొట్లు చూడటానికి బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు. నాకు వేరే పని ఉందన్నాను. "లండన్‌లో నీకు వేరే పనేమిటయ్యా?" అని నవ్వారు.

నా పని ఛార్లెస్ లాంబ్. మనలో ఆ కాలం పి.యు.సి. చదివిన వాళ్ళకు ఈ పేరు గుర్తుండాలి. షేక్‌స్పియర్ నాటకాల్ని కథలుగా చెప్పిన అక్కాతమ్ముళ్ళలో తమ్ముడు. 1807లో వచ్చిన ఆ పుస్తకం మన బళ్ళలో ఎన్ని తరాల పిల్లలు చదివారో! ఆయన వ్యాసాలు కూడా పాఠ్యపుస్తకాల్లో ఉండేవి. కాని ఆయన బతుకుతెరువు రచన కాదు. ఈస్ట్ ఇండియా కంపెనీ ప్రధాన కార్యాలయంలో, అకౌంటెంట్‌గారి విభాగంలో గుమాస్తా. 1792 ఏప్రిల్‌లో, పదిహేడేళ్ళ వయసులో చేరాడు. మొదటి మూడేళ్ళు జీతం లేని ఉమేదువారీ. మన తాతలు కలెక్టరాఫీసుల్లో చేసినట్టే. అక్కడి నుంచి ముప్ఫై మూడేళ్ళు టీ, నీలిమందు, నూలుగుడ్డల లెక్కలు రాశాడు. నా అసలు రచనలన్నీ లెడెన్‌హాల్ వీధిలో ఆఫీసు అలమరాల్లో ఉన్నాయని ఆయన చమత్కరించేవాడు. ఆ మాట మనలో ఎవరికైనా అతుకుతుంది. మన రచనలు మాత్రం ఎక్కడున్నాయి? రికార్డు రూములో.

ఆ రోజు పొద్దున్నే పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని, రోజంతా చెల్లే రైలు టిక్కెట్టు ఒకటి కొనుక్కుని బ్యాంక్ స్టేషన్‌లో దిగాను. పైకి రాగానే ఒక పక్క బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, ఎదురుగా రాయల్ ఎక్స్‌చేంజి. ఇంత పెద్ద ఊళ్ళో మనిషి అలికిడి లేదు. సిటీ అని వాళ్ళు పిలిచే ఆ చదరపు మైలులో ఉండేవన్నీ ఆఫీసులే, కాపురాలు తక్కువ. ఆదివారం వచ్చిందంటే టీ కొట్టు కూడా తెరవరు. సన్నగా తుంపర పడుతోంది. కార్న్‌హిల్ దాటితే లెడెన్‌హాల్ వీధి. పటం పుస్తకం పట్టుకుని, కొత్త ఊళ్ళో తపాలా బంట్రోతులాగా నంబర్లు చూసుకుంటూ నడిచాను.

అక్కడ ఈస్ట్ ఇండియా హౌస్ లేదు. ఉండదని నాకు ముందే తెలుసు. 1858లో కంపెనీ పాలన పోయింది, 1861లో ఆ భవనం పడగొట్టారు. ఆ స్థలంలో ఇప్పుడు లాయిడ్స్ అనే బీమా సంస్థ భవనం ఉంది. 1986లో పూర్తయింది. ఇంటికి లోపల ఉండవలసిన గొట్టాలు, మెట్లు, లిఫ్టులు అన్నీ బయటకు పెట్టి, ఉక్కు తొడిగి కట్టారు. గొప్ప కట్టడమంటారు. నాకైతే ఇంకా సారువ తీయని ఇల్లులా కనిపించింది. కంపెనీ పేరుతో ఒక ఫలకమైనా ఉంటుందేమోనని మూలమూలా వెతికాను. నాకేమీ కనబడలేదు. గుమ్మం దగ్గర కాపలా ఉన్నతను నా కోటూ, నా వాలకం చూసి "ఏం కావాలి?" అన్నాడు. "ఈస్ట్ ఇండియా హౌస్" అన్నాను. పాపం మంచివాడు, పటంలో వేలుపెట్టి చూపించాడు. తూర్పున రేవుల దగ్గర ఈస్ట్ ఇండియా అని ఒక రైలు స్టేషనుంది, అక్కడికి పొమ్మన్నాడు. మచిలీపట్నం నుంచి మద్రాసు దాకా మనల్ని ఏలిన కంపెనీ చివరికి అక్కడ ఒక స్టేషన్ పేరుగా మిగిలింది.

అక్కడే ఎదుటి గోడకు చేరబడి కాసేపు నిలబడ్డాను. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి పోయింది. రాయలసీమ జిల్లాలు 1800లో. ఆ శిస్తు లెక్కల మీద పెద్దలు నిర్ణయాలు తీసుకున్నదీ, సరుకులు వేలం వేసిందీ ఈ స్థలంలోనే. టిప్పు సుల్తాన్ దగ్గర దోచుకొచ్చిన కొయ్యపులి బొమ్మ, అదే, తెల్లవాణ్ణి నోట కరచుకుని మర తిప్పితే గుర్రుమనేది, 1808 నుంచి ఇక్కడే ఉండేది. చూడవచ్చిన వాళ్ళు మర తిప్పుతుంటే ఆ గోలకు గ్రంథాలయంలో చదువుకునేవాళ్ళు విసుక్కునేవారట. ఇప్పుడది విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

లాంబ్ పెన్షన్‌లో మన రైతు శిస్తు ఎంత ఉందో ఎవరు విడదీసి చెప్పగలరు? ఆయన చివరి రోజుల్లోనే, 1832-33లో, మా గుంటూరు జిల్లాలో డొక్కల కరువు. మా నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ళ ముసలివాళ్ళు చెప్పుకునేవారట ఆ కరువు కథలు. ఆ గుమాస్తా మీద నాకు కోపమేమీ లేదు. పెద్ద పుస్తకంలో అంకె దించే మనిషికి అంకె వెనకున్న ఊరు కనబడదని నా అనుభవం కూడా. కాని ఆ గోడ పక్కన నిలబడినప్పుడు అది మనసుకు రాకుండా పోలేదు.

ఇక పెన్షన్ సంగతి. ఇక్కడ చెవులు నిక్కబొడుచుకుంటాయని తెలుసు. 1825 మార్చి 29, మంగళవారం. ఆరోగ్యం బాగాలేదని లాంబ్ పెట్టిన రాజీనామాను డైరెక్టర్లు ఆమోదించారు. ముప్ఫై మూడేళ్ళు నమ్మకంగా పనిచేశాడని రాసి, ఏడాదికి 730 పౌన్ల ఆదాయం మీద 450 పౌన్ల పెన్షన్ మంజూరు చేశారు. రెండు నెలలైనా తిరక్కుండానే, మే నెలలో, ఆ అనుభవం మీదే ఒక వ్యాసం ఒక పత్రికలో అచ్చేశాడు. సూపరాన్యుయేషన్ పొందిన మనిషి అని దాని పేరు. మనందరి ఉత్తర్వుల్లోనూ ఉండే మాటే. మా కాలేజీలో ఇంగ్లీషు మాష్టారు అది చదివి వినిపించినప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. ముసలివాడి గోల అనుకున్నాను. 2009లో రిటైరయ్యాక మళ్ళీ చదివాను. మొదటి వారం ఏం తోచక తిరగడం, రోజుల పేర్లు మరిచిపోవడం, పాత సీటు చూడాలని ఆఫీసుకు వెళ్ళి అక్కడ ఇంకొకణ్ణి చూసి ఇబ్బంది పడటం, అన్నీ ఉన్నాయి అందులో. మీలో ఎంతమంది రిటైరైన నెలకే "ఏదో పనుండి ఇటొచ్చాను" అంటూ సెక్షన్‌కు వెళ్ళారో చేతులెత్తమంటే, నా చెయ్యే ముందు లేస్తుంది.

అయితే ఆడిట్ బుద్ధి ఊరుకోదు కదా. ఆ వ్యాసం మీద నావి మూడు అభ్యంతరాలు. ఒకటి, సర్వీసు ముప్ఫై ఆరేళ్ళని రాసుకున్నాడు, రికార్డు ప్రకారం ముప్ఫై మూడు. రెండు, పెన్షన్ జీతంలో మూడింట రెండు వంతులన్నాడు, నేను లెక్క కడితే నూటికి 61.6 మాత్రమే. మూడు, ఆఫీసు మిన్సింగ్ లేన్‌లో ఉన్నట్టు రాశాడు, అసలది లెడెన్‌హాల్ వీధి. కథకుడు కాబట్టి మన్నించి పేరాలు డ్రాప్ చేశాను.

ఇంకో మాట. అదే ఆఫీసులో జాన్ స్టూవర్ట్ మిల్ అనే మహా మేధావి కూడా పనిచేశాడు. పెద్ద హోదాలో 1858లో దిగిపోయినప్పుడు ఆయన పెన్షన్ 1500 పౌన్లు. ఆఫీసరు పెన్షన్‌కీ గుమాస్తా పెన్షన్‌కీ తేడా పే కమిషన్లు పుట్టకముందు నుంచే ఉందన్నమాట.

అక్కడి నుంచి చీప్‌సైడ్ మీదుగా సెయింట్ పాల్ పెద్ద చర్చి దాటి నడిచాను. లాంబ్ చదివిన నీలికోట్ల బడి ఉండేది న్యూగేట్ వీధిలో. బడి 1902లో ఊరి బయటకు పోయింది. పక్కనున్న చర్చి 1940 బాంబుదాడిలో కూలితే మొండిగోడలు అలాగే ఉంచి లోపల గులాబీ తోట వేశారు. తుంపర ఆగింది. ఆ తోటలో బెంచీ మీద కూర్చుని పెరుగన్నం, ఆవకాయ తిన్నాను. అక్కడికి దగ్గరలోనే గిల్ట్‌స్పర్ వీధిలో లాంబ్ ప్రతిమ ఒకటుంది, 1935 నాటిది. చూసి దణ్ణం పెట్టుకున్నాను. ఒక ముసలావిడ కుక్కను నడిపించుకుంటూ పోతూ నన్ను వింతగా చూసింది.

తర్వాత సెయింట్ పాల్స్‌లో రైలెక్కి, బ్యాంక్‌లో మారి ఏంజెల్ స్టేషన్‌లో దిగాను. అక్కడి కదిలే మెట్లు ఆ ఊరి భూగర్భ రైళ్ళలోకెల్లా పొడుగైనవి. ఎక్కుతుంటే తిరుపతి కొండ గుర్తొచ్చింది, కాకపోతే కొండే మనల్ని మోసుకెళుతోంది. స్టేషన్‌కు దగ్గరలోనే డంకన్ టెరస్ అనే వీధి. లాంబ్ 1823 నుంచి 1827 దాకా ఉన్న ఇల్లు అక్కడుంది. తెల్లటి చిన్న ఇల్లు, గోడకు ఆయన పేరుతో ఫలకం. అప్పట్లో ఇంటి ముందు నుంచే ఒక మంచినీటి కాలువ పారేది. చూపు ఆనని స్నేహితుడొకాయన ఈ ఇంట్లోంచి బయటకొచ్చి పట్టపగలు తిన్నగా ఆ కాలువలోకి నడిచాడట. ఇప్పుడు కాలువ పూడ్చి తోట వేశారు. ఆఫీసుకిక రానక్కరలేదని తెలిసిన సాయంత్రం లాంబ్ వచ్చింది ఈ ఇంటికే. లోపల అక్క మేరీ ఉంది.

ఈ అక్క సంగతి చెప్పకుండా లాంబ్ సంగతి చెప్పకూడదు. 1796 సెప్టెంబరులో మతి చలించిన క్షణంలో మేరీ కన్నతల్లిని కత్తితో పొడిచి చంపింది. తమ్ముడికి అప్పుడు ఇరవై ఒక్కేళ్ళు, చిన్న గుమాస్తా. జీవితాంతం పిచ్చాసుపత్రిలో పెట్టేయమని అన్నవాళ్ళున్నారు. "నేను చూసుకుంటాను" అని పూచీ పడి ఇంటికి తెచ్చుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆమె మామూలుగా ఉన్నప్పుడు ఎంతో తెలివైనది, షేక్‌స్పియర్ కథల్లో ఎక్కువ భాగం ఆమె రాసినవే. జబ్బు తిరగబెట్టే సూచన కనిపించగానే ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఏడుస్తూ పొలాలకడ్డంపడి ఆసుపత్రికి నడిచి వెళుతుంటే స్నేహితులు చూశారట.

ఆ ఇంటి ముందు నిలబడితే నాకు 1979 ప్రాంతపు సంగతి ఒకటి గుర్తొచ్చింది. అప్పుడు నేను పెన్షన్ సెక్షన్‌లో ఉన్నాను. ఒక కోస్తా జిల్లా తాలూకా ఆఫీసులో రిటైరైన పెద్దాయన తన కాగితాల కోసం వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో గుడ్డసంచీ. పనయ్యాక కూడా లేవలేదు.

"బాబూ, నాకు పెళ్ళి లేదు. మా చెల్లెలుంది. దానికి మతి స్థిమితం లేదు. నా తర్వాత దానికేమన్నా వస్తుందా?"

నేను సూపరింటెండెంట్‌గారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన నిబంధనల పుస్తకం తీసి ఓపిగ్గా చూపించారు. గ్రాట్యుటీ నిర్వచనంలో కుటుంబమంటే పెళ్ళికాని చెల్లెలు కూడా ఉంది. ఫ్యామిలీ పెన్షన్ నిర్వచనంలో లేదు. "రూల్లో లేదండీ, మేం చేయగలిగిందేం లేదు" అన్నారు. పెద్దాయన ఆ రెండు పేజీలూ మార్చి మార్చి చదివాడు. "అయితే ఈ పేజీలో మా చెల్లెలు నా కుటుంబమే, ఆ పేజీలో కాదన్నమాట" అన్నాడు. కోపంగా కాదు, లెక్క సరిచూసుకున్నట్టు. సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఏమైందో మాకు తెలిసే వీలు లేదు. ఫైలు మూసేశాం.

మరి లాంబ్ ఏం చేశాడు? ఆ 450 పౌన్లలో ఏటా 9 పౌన్లు కోత పెట్టించుకున్నాడు. తన తర్వాత బతికుంటే అక్కకు భృతి దక్కేటట్టు. చేతికొచ్చేది 441. రిటైరైన వారానికే స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఈ లెక్క స్పష్టంగా చెప్పుకున్నాడు. 1834 డిసెంబరు 27న లాంబ్ పోయాడు. మేరీ ఇంకో పన్నెండేళ్ళకు పైగా బతికి 1847లో పోయింది. కంపెనీ ఆమెకు, ఒక గుమాస్తా భార్యకు ఇచ్చేపాటి భృతినే ఇచ్చింది. మన ఊళ్ళు పీల్చి పిప్పిచేసిన కంపెనీయే, నిజమే. ఆ ఒక్క కాగితం మీద మాత్రం అక్కను ఇంటి మనిషిగానే లెక్కేసింది. మా పెన్షన్ సెక్షన్ పుస్తకంలో అప్పటికి లేని మాట అది.

ఆ వీధిలో ఎంతసేపున్నానో గుర్తులేదు. చీకటి పడింది. గదికి వచ్చి చారు కాచుకున్నాను. ఆఫీసర్‌గారు మైనపు బొమ్మల పక్కన దిగిన ఫోటోల సంగతి చెప్పి, "నువ్వేం చూశావు?" అన్నారు. "ఒక ఇల్లు చూశానండీ" అన్నాను. "దానికి టిక్కెట్టెంత?" అన్నారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ల నిబంధనల్లో ఆ లోటు 2009లో తీరింది. పెన్షనర్ మీదే ఆధారపడి, మానసిక లేక శారీరక వైకల్యం వల్ల సంపాదించుకోలేని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూడా, భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు వంటి అర్హులెవరూ లేనప్పుడు, ఫ్యామిలీ పెన్షన్‌కు అర్హులు. కాని అదంతటదే రాదు. పెన్షనర్ బతికుండగానే ఆ మనిషి పేరు కుటుంబ వివరాల్లో చేర్పించి, వైద్యుల ధ్రువపత్రం తెచ్చి ఉంచితే వెనకున్నవాళ్ళకు తిరుగుడు తప్పుతుంది. మన సభ్యుల్లో ఇంట్లో అలాంటి తోబుట్టువు ఉన్నవాళ్ళు నాకు తెలిసి ఇద్దరున్నారు. బయటకు చెప్పుకోలేక ఊరుకున్నవాళ్ళు ఇంకా ఉండవచ్చు. రాష్ట్ర పెన్షనర్ల నిబంధనలు వేరు, ఇక్కడున్న ఆ సోదరులు వాటి సంగతి విడిగా అడగవచ్చు.

భోజనాలయ్యాక కార్యదర్శిగారి బల్ల పక్కన నేను కూర్చుంటాను. ఫారాలు తెచ్చాను, కళ్ళజోడు కూడా తెచ్చాను. పేరు పైకి చదవను, కాగితం నింపి మడిచి ఇచ్చేస్తాను. లడ్డూ తిని వెళ్ళిపోకుండా ఒకసారి ఇటు రండి.